నది ఎడమ చేతికి ఉంచుకుని ఒక చుట్టు: ఆక్స్‌ఫర్డ్ పక్కన ట్రౌట్ పబ్ నుంచి ఆరు కిలోమీటర్ల నడక

మా అమ్మానాన్న మొదటిసారి ఇంగ్లండ్ వచ్చినప్పుడు అందరిలాగే మేమూ లండన్ తిప్పాం, లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, ప్యాలెస్ గేటు ముందు ఫొటోలు, అన్నీ అయ్యాయి. నాలుగో రోజు నాన్న "ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇక్కడ పొలాలు ఉండవా, పల్లెటూళ్ళు ఎలా ఉంటాయి" అని అడిగారు. అప్పుడు తీసుకెళ్ళిన నడక ఇది. ఆ తర్వాత ఇండియా నుంచి ఎవరు వచ్చినా ఇక్కడికే తీసుకెళ్తున్నాం, మేం మాత్రమే ఉన్నా ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్తాం. ఒక్కో సీజన్‌లో దారి ఎలా మారుతుందో, ఎక్కడ బురద ఉంటుందో, ఎక్కడ తప్పిపోతారో తెలుసు కాబట్టి మొత్తం వివరంగా రాస్తున్నా.

ముందు లెక్క చెప్తా. ఆక్స్‌ఫర్డ్ సిటీకి ఉత్తరాన వుల్వర్‌కోట్ అని ఊరు, దాని దిగువ భాగాన్ని లోయర్ వుల్వర్‌కోట్ అంటారు, ఆ ఊరి చివర గాడ్‌స్టో బ్రిడ్జి పక్కన థేమ్స్ ఒడ్డున ట్రౌట్ అనే పాత రాతి పబ్ ఉంది. అక్కడ మొదలుపెట్టి నది పడమటి ఒడ్డు మీద దిగువకి నడిచి, మెడ్లీ దగ్గర వంతెన దాటి, తూర్పు ఒడ్డున ఉన్న పోర్ట్ మెడో అనే పెద్ద పచ్చికబీడు మీదుగా వెనక్కి రావడం. సుమారు ఆరు కిలోమీటర్లు, ఎక్కడా ఎక్కుడు దిగుడు లేదు, మామూలుగా నడిస్తే రెండు గంటలు, పిల్లలు పెద్దవాళ్ళు ఉంటే మూడు వేసుకోండి. మధ్యలో బిన్సీ చర్చి కూడా చూస్తే ఇంకో కిలోమీటరున్నర పైన కలుస్తుంది.

దారి గుర్తుపెట్టుకోడానికి ఒక్కటే సూత్రం, మొత్తం నడకలో నది మీ ఎడమ చేతి వైపే ఉండాలి. గుళ్ళో ప్రదక్షిణ చేస్తే దేవుడు కుడి చేతి వైపు ఉంటాడు కదా, ఇక్కడ దానికి సరిగ్గా రివర్స్. వెళ్ళేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కూడా ఎడమే. నది కుడి చేతికి వచ్చిందంటే ఎక్కడో తప్పు మలుపు తిరిగారని అర్థం. అటు నుంచి ఇటు తిరిగినా దూరం ఒకటే కానీ నేను ఈ దిశలోనే వెళ్ళమంటా, ఎందుకంటే సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బీడు మీద ఉంటారు, నది అవతల పడమటి వైపు పొద్దు వాలుతుంటుంది, ఆ వెలుగు నీళ్ళ మీద పడటం, గుర్రాలు నీళ్ళ అంచున నిలబడటం, అది చివర్లో చూడాల్సింది.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ మొదటి వరకు ఎప్పుడైనా బాగుంటుంది. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర దగ్గర్లో, కాబట్టి ఐదింటికి బయల్దేరినా బోలెడు టైమ్. అదే డిసెంబర్‌లో నాలుగింటికల్లా పొద్దు గుంకిపోతుంది, బీడు మీద లైట్లు ఏమీ ఉండవు, మధ్యాహ్నం పన్నెండుకే మొదలుపెట్టాలి.

చలికాలం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. పోర్ట్ మెడో అంటే థేమ్స్ వరద మైదానం, వానలు పడితే బీడులో పెద్ద భాగం చెరువైపోతుంది. ఒకసారి ఫిబ్రవరిలో మేం వెళ్ళినప్పుడు దిగువ దారి అంతా పొడిగానే ఉంది, వంతెన దాటి చూస్తే కనుచూపు మేర నీళ్ళే. పక్క నుంచి వెళ్ళిపోవచ్చులే అనుకుని దిగాం, పది నిమిషాల్లో నీళ్ళు చీలమండలు దాటాయి, మా చిన్నాడికి బూట్లు నిండిపోయి చలికి ఏడుపు, చివరికి వెనక్కి తిరిగాం. గడ్డి కింద గుంటలు ఎక్కడున్నాయో నీళ్ళున్నప్పుడు కనపడవు, అందుకే దిగొద్దు. బయల్దేరే ముందు గవర్నమెంట్ ఫ్లడ్ వార్నింగ్ పేజీ చూడండి. దారిలో గాడ్‌స్టో లాక్ (పడవల్ని ఎగువకి దిగువకి దాటించే నీటి గేట్ల తొట్టి) దగ్గర బోర్డు కూడా చూడండి, ఎరుపు బోర్డు పెట్టారంటే నది ఉధృతంగా ఉందని పడవల వాళ్ళకి హెచ్చరిక, మనకీ అదే సంకేతం. వరద టైమ్‌లో ఏం చేయాలో కింద చెప్తా.

ఏం తీసుకెళ్ళాలి

వాటర్‌ప్రూఫ్ బూట్లు ముఖ్యం, చలికాలం అయితే వెల్లీలు, అంటే మోకాళ్ళ కిందదాకా వచ్చే రబ్బరు బూట్లు. చీర కట్టుకునే అమ్మలకి ఒక మాట, పశువులు తొక్కిన బురద చీర అంచుకి అంటితే వదలదు, ఆ ఒక్కరోజుకి చుడీదార్ వేసుకోమని బతిమాలండి. ఎండ ఉన్నా సరే రెయిన్ జాకెట్ బ్యాగులో ఉండాలి, బీడు మీద గాలికి అడ్డే లేదు, గొడుగు తిరగబడుతుంది. ఫోన్‌లో ఓఎస్ మ్యాప్స్ (ఇక్కడి సర్వే సంస్థ మ్యాపుల యాప్) ఉంటే మంచిది, పేపర్ మ్యాప్ కావాలంటే అదే సంస్థది ఎక్స్‌ప్లోరర్ 180. నీళ్ళ బాటిల్, పిల్లలకి ఒక జత సాక్సులు ఎక్స్‌ట్రా. పుష్‌చెయిర్ తోసుకెళ్ళడం కష్టం, చంటిపిల్లలుంటే క్యారియర్‌లో వేసుకోండి.

చేరుకోవడం సులువే. ఆక్స్‌ఫర్డ్ సిటీ సెంటర్ నుంచి వుల్వర్‌కోట్‌కి సిటీ బస్సు ఉంది, దిగి గాడ్‌స్టో రోడ్డు పట్టుకుని పడమటికి నడిస్తే ట్రౌట్ వస్తుంది. కారులో వస్తే పబ్‌కి పార్కింగ్ ఉంది కానీ అది కస్టమర్ల కోసం, మూడు గంటలు కారు వదిలేసి తిరగాలంటే ముందు లోపల అడగండి, లేదా గాడ్‌స్టో రోడ్డు మీదే బీడు పక్కన కౌన్సిల్ కార్ పార్క్ ఉంది, అక్కడ పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం రెండూ నిండిపోతాయి.

ట్రౌట్ ముందు కాసేపు

నడక మొదలుపెట్టే ముందు పబ్ వెనక టెర్రస్ మీదకి ఒకసారి వెళ్ళండి. నది ఇక్కడ మత్తడి మీద నుంచి దూకుతుంది, ఆ హోరు ఎంతసేపు విన్నా విసుగు రాదు. గోడ మీద నుంచి కిందకి చూస్తే తెల్లటి నురగ కింద పెద్ద పెద్ద చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ ఒకేచోట నిలబడి ఉంటాయి, మా పిల్లల్ని అక్కడి నుంచి లాక్కురావడమే పెద్ద పని. వచ్చేటప్పుడు ఇక్కడే తింటారు కాబట్టి ఇప్పుడే టేబుల్ బుక్ చేసుకోండి. శని ఆదివారాలైతే రెండు మూడు రోజుల ముందే ఆన్‌లైన్‌లో చేసుకోవడం మేలు. మీరు అనుకున్న టైమ్‌కి ఒక అరగంట కలిపి చెప్పండి, దారిలో గుర్రాల దగ్గర ఆగిపోతారు ఎలాగూ.

మొదటి భాగం: గాడ్‌స్టో శిథిలాలు, లాక్

పబ్ నుంచి రోడ్డు మీదకి వచ్చి కుడికి తిరిగి బ్రిడ్జి దాటండి. బ్రిడ్జి సన్నగా ఉంటుంది, కార్లు ఒక్కొక్కటిగా వస్తాయి, పిల్లల చేయి పట్టుకోండి. నది రెండు పాయలు, రెండూ దాటాక ఎడమ వైపు గేటు కనపడుతుంది, థేమ్స్ పాత్ అని బోర్డు, దాని మీద ఓక్ చెట్టు కాయ గుర్తు ఉంటుంది. ఆ కాయ గుర్తు ఈ దేశంలో నేషనల్ ట్రెయిల్స్ అనే పొడవాటి నడకదారులన్నిటికీ ఉంటుంది. థేమ్స్ పాత్ 1996లో మొదలైంది, నది పుట్టిన చోటు నుంచి లండన్ దాకా ఇంచుమించు 184 మైళ్ళు, మనం నడిచేది అందులో చిన్న ముక్క.

పొలాల మధ్యలో గేటు తీసుకుని వెళ్ళడానికి మనవాళ్ళు మొదట్లో జంకుతారు, ఎవరిదో ప్రైవేటు స్థలమేమో, ఎవరైనా అరుస్తారేమో అని. ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ (అందరికీ హక్కున్న కాలిబాట) అని మ్యాప్‌లో ఉంటే ఆ దారిన నడవడం హక్కు, భూమి ఎవరిదైనా సరే. ఒకటే మర్యాద, తీసిన గేటు మూయాలి, ఎందుకంటే లోపల పశువులు ఉంటాయి. కొన్నిచోట్ల అర్ధచంద్రాకారం కంచెలో ఊగే గేటు ఉంటుంది, కిస్సింగ్ గేట్ అంటారు. అందులోకి ఒక్కరు దూరి, మూలకి జరిగి, గేటుని తమ ముందు నుంచి అటు నెట్టి అవతలికి రావాలి. మనిషి పడతాడు, ఆవు పట్టదు. బ్యాక్‌ప్యాక్ లావుగా ఉంటే ముందే తీసి చేత్తో పట్టుకోండి.

గేటు దాటగానే కుడి వైపు రాతి గోడలు, గాడ్‌స్టో నన్నరీ. 1133లో మొదలైన క్రైస్తవ సన్యాసినుల మఠం, 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేసినప్పుడు ఇదీ పోయింది, తర్వాత ఒక ఇల్లుగా మారింది, 1645లో అంతర్యుద్ధంలో పాడైంది. ఇప్పుడు మిగిలింది చుట్టుగోడలు, మూలన పైకప్పు లేని చిన్న చాపెల్, అంటే ప్రార్థన గది, అంతే. టికెట్ లేదు, గార్డు లేడు, గడ్డిలో ఆవులు. రెండో హెన్రీ రాజు ప్రేమించిన రోజమండ్ క్లిఫర్డ్‌ని ఇక్కడ చర్చిలో పూజావేదిక ముందు సమాధి చేశారు. ఆమె చనిపోయింది 1176 ప్రాంతంలో. సన్యాసినులు ఆ సమాధికి పట్టుబట్టలు కప్పి దీపాలు పెట్టేవాళ్ళట, 1191లో లింకన్ బిషప్ హ్యూ వచ్చి అది చూసి కోపం తెచ్చుకుని సమాధిని చర్చి బయటికి మార్పించాడు. ఆ చాపెల్ గోడలో మూడు కంతల కిటికీ ఇంకా నిలబడి ఉంది, దగ్గరికెళ్ళి అందులోంచి చూడండి. వెనక నుంచి ఏ34 హైవే రొద వినపడుతుంది, అది తప్పదు, లాక్ దాటాక తగ్గిపోతుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే గాడ్‌స్టో లాక్. పడవ వచ్చే టైమ్‌కి మీరు అక్కడుంటే పావుగంట ఆగడం మంచిది. ఎగువ నీళ్ళు, దిగువ నీళ్ళు వేరే ఎత్తుల్లో ఉంటాయి, మధ్యలో రెండు గేట్ల తొట్టి. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి వెళ్ళాక వెనక గేటు మూస్తారు, పై నుంచి నీళ్ళు మెల్లగా వదులుతారు, పడవ లేస్తూ లేస్తూ పైనున్న నీళ్ళతో సమానమయ్యాక ముందు గేటు తెరుచుకుంటుంది. మా నాన్న ఇరిగేషన్‌లో పని చేసి రిటైర్ అయ్యారు, ఆయన ఇక్కడ రెండు పడవలు పైకెక్కి ఒకటి దిగే దాకా కదల్లేదు.

రెండో భాగం: బిన్సీ వైపు

లాక్ తర్వాత దారి సాఫీ. ఎడమన నది, అవతల ఒడ్డున పోర్ట్ మెడో, ఆవులు నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి నిలబడతాయి. కుడిన పొలాలు, విల్లో చెట్లు. దారి పక్కన ముదురాకుపచ్చ రంపపు అంచుల ఆకులు గుంపులుగా కనపడితే ముట్టుకోవద్దు, నెటిల్స్ అవి, తగిలితే చర్మం మండి దద్దుర్లు వస్తాయి, నిక్కర్లు వేసుకున్న పిల్లలకి ముందే చెప్పండి.

ఈ నీళ్ళకి ఆక్స్‌ఫర్డ్‌లో ఐసిస్ అని ఇంకో పేరు. 1862 జులై 4న ఒక గణితం లెక్చరర్, ఆయన స్నేహితుడు, ముగ్గురు చిన్న అక్కచెల్లెళ్ళు సిటీలో ఫాలీ బ్రిడ్జి దగ్గర పడవ ఎక్కి ఇదే నది మీద గాడ్‌స్టో దాకా వచ్చారు, ఆ దారిలో పిల్లల కోసం ఆయన అప్పటికప్పుడు అల్లి చెప్పిన కథే తర్వాత ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ అయింది. మా పెద్దమ్మాయికి ఇది చెప్పిన రోజు నుంచి ఆమెకి ఈ నడక అంటే నడక కాదు.

కిలోమీటరున్నర దాకా నడిచాక కుడి వైపు ఒక చిన్న దారి చెట్ల మధ్యకి వెళ్తుంది, పర్చ్ అనే పబ్‌కి బోర్డు ఉంటుంది. గడ్డి కప్పు ఉన్న పాత ఇల్లు, 2007లో కప్పు కాలిపోయి మళ్ళీ కట్టారు, వెనకాల పెద్ద తోట. కాళ్ళు నొప్పెడితే ఇక్కడ కాఫీ తాగొచ్చు.

ఓపిక ఉంటే ఇక్కడి నుంచి సెయింట్ మార్గరెట్ చర్చికి వెళ్ళండి, నేనైతే వదలొద్దంటా. పర్చ్ దాటి బిన్సీ వీధిలోకి వెళ్ళి కుడికి తిరిగితే చెట్ల మధ్య సన్నటి రోడ్డు, ఎనిమిది వందల మీటర్లు, చివర చిన్న చర్చి, దాని పడమటి చివర మెట్లు దిగితే బావి. ఆక్స్‌ఫర్డ్‌కి ఇష్టదైవంలాంటి సాధ్వి ఫ్రైడ్స్‌వైడ్‌ని బలవంతంగా పెళ్ళాడటానికి వెంటబడ్డ రాజుకి కళ్ళు పోయాయని, ఆమె ప్రార్థిస్తే ఇక్కడ నీళ్ళు పుట్టాయని, ఆ నీళ్ళతో అతనికి చూపు తిరిగొచ్చిందని కథ. దీన్ని ట్రీకిల్ బావి అంటారు. ఇప్పుడు ట్రీకిల్ అంటే బెల్లంపాకంలాంటిది గానీ పూర్వపు ఇంగ్లీషులో ఔషధం అని అర్థం. ఆలిస్ కథలో పాకం బావి అక్కడి నుంచి వచ్చిందే. మా అమ్మ చెప్పులు విడిచి మెట్లు దిగి, నీళ్ళ వైపు చూసి దండం పెట్టుకుంది, ఎవరూ చెప్పలేదు ఆవిడకి. వెళ్ళిన దారినే వెనక్కి వచ్చి మళ్ళీ నది చేరండి, కుడికి తిరగండి, నది ఎడమ చేతికి వచ్చిందా చూసుకోండి.

మూడో భాగం: వంతెన దగ్గర జాగ్రత్త

ఇంకో పది నిమిషాల్లో మెడ్లీ, పడవలు కట్టేసి ఉండే చోటు, అక్కడ నది మీద విల్లులా వంగిన ఇనప ఫుట్‌బ్రిడ్జి ఉంటుంది, రెయిన్‌బో బ్రిడ్జి అంటారు, 1865లో కట్టింది. దీన్ని ఎక్కి దిగండి. ఎక్కువ మంది తప్పిపోయేది ఇక్కడే, ఎందుకంటే ఇప్పటిదాకా నమ్ముకున్న ఓక్ కాయ గుర్తు ఇక్కడ కుడికి, దక్షిణంగా, సిటీ వైపు తీసుకెళ్తుంది. దాన్ని వదిలేయాలి. మీరు దిగింది సన్నటి లంక మీద, అక్కడే దగ్గర్లో ఇంకో చిన్న వంతెన ఉంటుంది, అది దాటితే బీడు. బీడు మీద అడుగు పెట్టగానే ఎడమకి, ఉత్తరానికి తిరగండి, నది మళ్ళీ ఎడమ చేతికి వచ్చేస్తుంది.

నీళ్ళు నిండి ఉంటే మాత్రం ఎడమకి తిరగొద్దు. తూర్పుగా నేరుగా వెళ్ళే గట్టి బాట పట్టుకుని వాల్టన్ వెల్ రోడ్డు చేరండి, రైల్వే లైను దాటగానే ఆక్స్‌ఫర్డ్ కెనాల్ వస్తుంది, దాని గట్టు మీద ఉత్తరానికి నడిస్తే వుల్వర్‌కోట్ చేరతారు, అక్కడ గాడ్‌స్టో రోడ్డు మీదకి ఎక్కి ఎడమకి దిగితే ట్రౌట్. ఆ బాట కూడా మునిగిపోయి ఉంటే ఇంక ఆలోచన వద్దు, వచ్చిన దారినే వెనక్కి.

నాలుగో భాగం: పోర్ట్ మెడో

ఈ నడకకి ప్రాణం ఇదే. మన ఊళ్ళలో ఊరుమ్మడి పశువుల బీడు ఉండేది కదా, ఇప్పుడు చాలా చోట్ల ప్లాట్లు అయిపోయాయి గానీ, అచ్చం అదే ఇది. 1086 నాటి రాజుగారి భూముల లెక్కలోనే దీని ప్రస్తావన ఉంది, ఆక్స్‌ఫర్డ్ ఫ్రీమెన్‌కి (సిటీలో పాత హక్కులున్న పౌరులు), వుల్వర్‌కోట్ కామనర్లకి (ఉమ్మడి బీడు మీద హక్కున్న ఊరివాళ్ళు) ఇక్కడ పశువుల్ని మేపుకునే హక్కు ఇప్పటికీ నడుస్తోంది. ఏడాదికోసారి సిటీ షెరిఫ్ అనే అధికారి ముందస్తుగా ఎవరికీ చెప్పకుండా పశువులన్నిటినీ తోలించి లెక్క చూస్తారు, హక్కు లేనివాళ్ళ పశువు దొరికితే జరిమానా. తరతరాలుగా నాగలి పడని నేల కాబట్టి కంచుయుగం నాటి సమాధి దిబ్బల ఆనవాళ్ళు ఇంకా గడ్డి కింద ఉన్నాయి. మా నాన్న చెప్పులతో నేలని నొక్కి చూసి "ఇంత నేల, సిటీ పక్కనే, ఎవరూ కబ్జా చేయలేదా" అన్నారు, ఆ ఒక్క మాటకే నాకు ఆ రోజు సార్థకం అనిపించింది.

గీసిన దారి ఉండదు, గడ్డి మీద కాలిబాటలు చాలా ఉంటాయి, ఏదైనా సరే నదికి దగ్గరగా పోనివ్వండి. గుర్రాలు కట్టు లేకుండా తిరుగుతుంటాయి. అవి మచ్చికైనవి లాగే కనపడతాయి కానీ తిండి పెట్టొద్దు, ఒకదానికి పెడితే నాలుగు వస్తాయి, తోసుకుంటాయి, వాటి కడుపుకీ మంచిది కాదు. ఒకసారి మేం గడ్డిలో దుప్పటి పరిచి పులిహోర డబ్బా మూత తీశాం, వాసన పట్టిందో ఏమో, గోధుమరంగు గుర్రం ఒకటి వచ్చి మా ఆవిడ భుజం మీదుగా మూతి పెట్టింది, దాని ముక్కులోంచి వేడి గాలి తగులుతోంది, మీసాల్లాంటి తెల్ల వెంట్రుకలకి గడ్డి ముక్కలు అంటుకుని ఉన్నాయి. మూత పెట్టేసి, లేచి, మెల్లగా పక్కకి జరిగాం, అదీ వెళ్ళిపోయింది. అంతే చేయాలి, అరవకూడదు, పరిగెత్తకూడదు. గుర్రం వెనక వైపు నిలబడకూడదు. దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్ళకుండా చుట్టూ తిరగండి, కుక్క ఉంటే బెల్టు వదలొద్దు.

మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి, ఆక్స్‌ఫర్డ్ చర్చి గోపురాలు దూరంగా చెట్ల పైన కనపడతాయి. చలికాలంలో పొడి అంచుల మీద నుంచి చూస్తే వరద నీళ్ళ మీద బాతులు, గీస్ గుంపులు గుంపులుగా ఉంటాయి.

ఉత్తరం చివరికి వచ్చేసరికి ఎడమన వుల్వర్‌కోట్ మిల్ స్ట్రీమ్ అనే పాయ కనపడుతుంది, ఎండాకాలం అక్కడ జనం ఈత కొడుతుంటారు. 2022లో దీన్ని అధికారికంగా స్నానాల చోటుగా ప్రకటించారు, కానీ ఆ తర్వాత నీళ్ళ పరీక్షల్లో పూర్ అనే వచ్చింది. పాదాలు తడుపుకోవడం వరకు ఓకే, పిల్లల్ని ముంచొద్దు, తినే ముందు చేతులు కడిగించండి.

అక్కడి నుంచి గేటు, కార్ పార్క్, గాడ్‌స్టో రోడ్డు. ఎడమకి తిరిగితే వచ్చే చిన్న వంతెన మీద ఒక రాతి ఫలకం ఉంది. 1912 సెప్టెంబర్ 10న ఇక్కడికి దగ్గర్లో విమానం కూలి చనిపోయిన రాయల్ ఫ్లయింగ్ కోర్‌కి చెందిన ఇద్దరు ఆఫీసర్ల జ్ఞాపకం. విమానాలు వచ్చిన కొత్త రోజులు. ఒక నిమిషం ఆగి చదవండి. అక్కడి నుంచి ట్రౌట్‌కి ఐదు నిమిషాలు.

పబ్‌లో

"పబ్బా? అమ్మని తీసుకుని పబ్బుకా?" అని నాన్న మొదట ఒప్పుకోలేదు. మన దగ్గర పబ్ అంటే చీకటి, డీజే. ఇక్కడ ఊరి పబ్ అంటే కుటుంబంతో భోజనానికి వెళ్ళే చోటు, పక్క టేబుల్లో ముసలి దంపతులు, ఇంకో పక్క చంటిపిల్లలు. మందు తాగాలని రూలేం లేదు, లైమ్ అండ్ సోడా అడగండి, అల్లం ఘాటు ఇష్టమైతే జింజర్ బీర్, పేరులో బీర్ ఉన్నా మామూలుగా అమ్మేది మందు కాదు, అయినా ఒకసారి అడిగి తీసుకోండి. చాలా పబ్బుల్లో బార్ దగ్గరికి వెళ్ళి టేబుల్ నంబర్ చెప్పి ఆర్డర్ ఇచ్చి అక్కడే డబ్బు కట్టాలి, కూర్చుంటే ఎవరో వస్తారని చూస్తూ ఉండిపోవద్దు, లోపలికి వెళ్ళగానే ఇక్కడ పద్ధతేంటని అడిగేయండి. బార్ దగ్గర లైను కనపడదు కానీ ఎవరు ముందు వచ్చారో అందరికీ గుర్తుంటుంది, మీకంటే ముందు వచ్చినవాళ్ళని చూపిస్తే వాళ్ళు సంతోషిస్తారు. వయసు చిన్నగా కనపడేవాళ్ళు ఐడీ పెట్టుకోండి. వెజిటేరియన్ అయితే చిప్స్‌ని ఏ నూనెలో వేయిస్తారో అడగండి, చేపలు వేయించిన నూనె కావచ్చు, అడిగితే విసుక్కోరు. బండి నడిపేవాళ్ళు మందు ముట్టకపోవడమే నయం.

బురద బూట్లతో వచ్చారు కాబట్టి గుమ్మం దగ్గర పట్టా మీద గట్టిగా తుడుచుకుని, వీలైతే బయట టెర్రస్ మీదే కూర్చోండి, మత్తడి వైపు టేబుల్ అడగండి. తాగగలిగినంత వేడి టీ ముందు చెప్పి, తర్వాత భోజనం. పిల్లలు మాత్రం కూర్చోరు, మళ్ళీ ఆ గోడ దగ్గరికే పోతారు చేపల కోసం, గోడ ఎత్తు తక్కువ, ఒకరు వాళ్ళ పక్కన నిలబడండి.